బదనికను అడగలేదు

మంచుదేశాల దేవతల తల్లి తెలుగులో ఎలా మాట్లాడాలో నిర్ణయించినవారు ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. మాటలు చెల్లెలివి, గొంతు అక్కది. ఆ తల్లి మొదటి భాగంలో తెరమీద మాట్లాడినది పదకొండు నిమిషాలే అయినా, సినిమా చూసి బయటికి వచ్చినవాళ్ళు సుత్తి విసిరే కొడుకు గురించి కాక, ఆమె గురించే మాట్లాడుకున్నారు.

చెల్లెలికి అరవై ఒకటి. విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివి, పరభాషా చిత్రాలకు తెలుగు మాటలు రాసే పనిలో ముప్పై నాలుగేళ్ళు గడిపిన మనిషి. తెరమీద పెదవులు మూసుకున్నచోట మ, ప, బలలో ఏదో ఒకటి పడాలి. నోరు తెరుచుకున్నచోట ఆకారం పడాలి. ఇవి రెండూ కుదిరాక అర్థం కూడా కుదరాలి. ఈ మూడింటిలో దేనినీ వదలదు గనుక స్టూడియోలో ఆమెను వెనకాల కొలబద్ద అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. దానిని ఇంకొక పట్టాలాగే స్వీకరించింది.

అక్క ఆమెకన్నా అయిదేళ్ళు పెద్ద. తెరమీద తల్లులకు గొంతు ఇవ్వడం ఆమె వృత్తి. పిల్లలు లేరు. "నేను కనని హీరో లేడు, నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళే హీరో ఒక్కడూ లేడు" అని మోకాళ్ళు నొప్పి పెట్టినప్పుడల్లా నవ్వేది. భర్త పోయాక చెల్లెలితో కలిసి మూడో అంతస్తులోని రెండు గదుల ఇంట్లో ఉంటోంది. ఒక గదిలో ఒకరు రాసేవారు, రెండో గదిలో ఇంకొకరు చదివి వినిపించేవారు, మధ్య గోడకు తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది.

మొదటి భాగం కథ ఇది. వెలుగు దేవుడైన పెద్ద కొడుకు చచ్చిపోతున్నట్టు తల్లికి కల వస్తుంది. ఆమె లోకమంతా తిరిగి నిప్పును, నీటిని, ఇనుమును, రాతిని, రోగాలను, పాములను ఒక్కొక్కదానినీ అడిగి, తన కొడుకుకు హాని చేయబోమని ఒట్టు వేయించుకుంటుంది. చెట్టుకొమ్మను పట్టుకుని బతికే ఒక చిన్న మొక్క మాత్రం మరీ లేతగా కనబడితే, దీనితో ఏమవుతుందిలే అని వదిలేస్తుంది. ఆ మొక్కకు చెల్లెలు పెట్టిన పేరు బదనిక. నిఘంటువులో దొరికిన ఆ మాట పెదవులకు కూడా సరిపోయినందుకు ఆమె రెండు రోజులు సంతోషంగా ఉంది. ఆ కొడుకంటే గిట్టని ఒక మాయలమారి చేతిలో బదనిక రెమ్మ కనబడడంతో మొదటి భాగం ముగుస్తుంది.

అన్నిటికీ మూలమైన పని ఆ మొదటి భాగం డబ్బింగు చివరలోనే జరిగింది. అంతకుముందు ఒక చిత్రంలో గొంతు ఇచ్చే పని పూర్తయ్యాక బొమ్మను కాస్త కత్తిరించారు. ఒక మాటలో ఒక అక్షరం పెదవుల మీదినుంచి జారిపోయింది. గొంతు ఇచ్చిన మనిషి ఊళ్ళో లేదు. ఆ తప్పు అలాగే తెరమీదికి వెళ్ళింది. ప్రేక్షకులలో ఒక్కరు కూడా గమనించని ఆ అక్షరం చెల్లెలిని నెలల తరబడి పీడించింది. కనుక ఈసారి ముందుజాగ్రత్త పడదలచి, పనంతా అయిపోయిన మర్నాడు అక్కను మళ్ళీ మైకు ముందు కూర్చోబెట్టింది. దేవతల తల్లి గొంతులో గుణింతమంతా చెప్పించింది. క కా కి కీ నుంచి చివరి అక్షరం వరకు, శాంతంగా ఒకసారి, కోపంగా ఒకసారి, దుఃఖంతో ఒకసారి. ఎక్కడ ఏ అక్షరం జారినా ఇందులోనుంచి తీసి అతకవచ్చునని ఆమె ఆలోచన. అతుకు తెలియకూడదు గనుక అక్షరానికీ అక్షరానికీ మధ్య ఉన్న ఊపిరినంతా కత్తిరించమని సౌండు ఇంజినీరుకు చెప్పింది. అతడు రెండు రోజులు కూర్చుని కత్తిరించాడు.

"ఇన్నేళ్ళొచ్చాక నన్ను మళ్ళీ ఒకటో క్లాసులో వేశావే" అని అక్క మధ్యలో మంచినీళ్ళు తాగుతూ అంది. ఇంజినీరు నవ్వాడు. అతడు వాళ్ళను పెద్దక్కా, చిన్నక్కా అనేవాడు.

సినిమా విడుదలైన తరువాత ఎనిమిదో నెలలో, పొద్దున గ్లాసు కడుగుతూ అక్క పడిపోయింది. కుడిచేయి, కుడికాలు బలహీనపడ్డాయి. మాట పోయింది. వినబడినదంతా అర్థమయ్యేది, తాను చెప్పదలచినదీ లోపల స్పష్టంగానే ఉండేది, బయటికి రావడానికే దారి లేదు. మొదటి ఏడాదిలో ఎంత వస్తే అంత, ఆ తరువాత వచ్చేది తక్కువ అని డాక్టరు చెప్పాడు. వారానికి మూడు రోజులు, పది గంటలకు, మాటలు నేర్పే టీచరమ్మను కుదిర్చారు. ముప్పై ఏళ్ళ అమ్మాయి, ఓపిక కలది. కానీ అక్క కూర్చునేది కాదు. కొవ్వొత్తి ఆర్పించడం, అద్దంలో నాలుక చూపించడం, పిల్లల పుస్తకంలో బొమ్మలకు పేర్లు చెప్పించడం ఆమెకు అవమానంగా ఉండేవి. రెండువందల మంది తల్లులుగా మాట్లాడిన మనిషికి బంతి బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే ఎలా ఉంటుందో చెల్లెలికి అర్థమైంది. అందుకే ఒకరోజు టీచరమ్మ వచ్చే ముందు అక్క పక్కన కూర్చుని చెప్పింది.

"రెండో భాగం తీస్తున్నారటే. వచ్చే ఏడాదే డబ్బింగు. ఈసారి తల్లికి చాలా మాటలున్నాయట."

అది అబద్ధం కాదు. అప్పటికి ఆమె విన్నది అంతే. అక్క ఎడమచేత్తో జుట్టు సవరించుకుని, కుర్చీని బల్ల దగ్గరికి తనే జరుపుకుంది.

అప్పటినుంచి పరీక్షకు చదివే పిల్లలా సాధన చేసింది. టీచరమ్మ వచ్చే రోజున పది గంటలకు ముందే తయారై ఉండేది. రాని రోజున వంటింట్లో నిలబడి గోడకు చెప్పుకునేది. ఆరో నెలకు ఆ వచ్చింది, ఊ వచ్చింది, మ వచ్చింది. అమ్మ అనే మాట సగం వచ్చి ఆగేది. అన్నిటికన్నా బాగా వచ్చినది ఊఁహూఁ. దానికి నాలుకతో పని లేదు, పెదవులతో పని లేదు, ముక్కూ గొంతూ ఉంటే చాలునని టీచరమ్మ వివరించింది. దొరికిన ఆ ఒక్క మాటను అక్క కరువుతీరా వాడుకుంది. కాఫీలో చక్కెర తగ్గితే ఊఁహూఁ. ఇస్త్రీ సరిగా లేని చీరకు ఊఁహూఁ. కింది ఇంటావిడ వచ్చి, మా బంధువుల్లో ఒకాయనకు ఇలాగే అయి మూడేళ్ళు మంచంమీదే ఉన్నాడని మొదలుపెడితే, ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళేదాకా వరసగా ఊఁహూఁ. కాదు అనడంలో ఇన్ని రకాలున్నాయని భాషాశాస్త్రం చదివిన చెల్లెలికే తెలియదు.

ఏడో నెలలో స్టూడియోనుంచి పిలుపు వచ్చింది.

ప్రొడక్షన్ మేనేజరు ఆమెను కూర్చోబెట్టి, మర్యాదగా కాఫీ తెప్పించి, ముందు ఒకటి వినమన్నాడు. ఇంజినీరు తల వంచుకుని మీట నొక్కాడు. దేవతల తల్లి మాట్లాడింది. కొడుకు శవం ముందు నిలబడి, వీడిని నాకు తిరిగి ఇవ్వమని పాతాళాన్ని అడుగుతోంది. చెల్లెలు కుర్చీలోనుంచి సగం లేచింది. అక్కకు మాట వచ్చేసింది అనుకుంది. ఆ అరసెకను సంతోషానికి ఆమె తరువాత తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు. మరుసటి క్షణంలో మూడు సంగతులు ఒకదాని వెనక ఒకటి తట్టాయి. అక్క ఇంట్లో ఉంది. ఈ మాటలు తాను రాసినవి కావు. ఈ గొంతు ఎక్కడా ఊపిరి తీసుకోవడం లేదు.

ఎలా చేశారని అడగవలసిన అవసరం కూడా లేకపోయింది. రాసిన మాటలను ఒక మనిషి గొంతులో పలకడం యంత్రానికి నేర్పాలంటే శుభ్రంగా, విడివిడిగా, మూడు భావాలలో ఉన్న అక్షరాలు కావాలట. సాధారణంగా అలాంటివి ఎవరి దగ్గరా దొరకవట. ఇక్కడ సిద్ధంగా దొరికాయి. "మీరంత పద్ధతిగా చేసి పెట్టబట్టేనమ్మా" అన్నాడు మేనేజరు, ఆమెను మెచ్చుకుంటున్నాననే అనుకుంటూ.

అక్క ఒప్పుకోలేదు కదా అని ఆమె అంది. మేనేజరు మొదటి భాగంనాటి ఒప్పందం తీసి బల్లమీద పెట్టాడు. ఈ చిత్రంలోను, దీని కొనసాగింపులలోను, నేడు ఉన్న, రేపు రాబోయే ఏ పద్ధతిలోనైనను ఈ గొంతును వాడుకొనవచ్చును, అని అందులో ఉంది. కింద అక్క సంతకం ఉంది. ఆ కాగితం అక్క చదవలేదు. అక్క ఏ కాగితమూ చదవదు, చెల్లెలు చదివి సరే అంటే పెడుతుంది. చెల్లెలు దానిని భూతద్దం పెట్టి చదివింది. చదివి, రెండు అచ్చుతప్పులు పట్టుకుని, సరిదిద్ది మళ్ళీ అచ్చు వేయిస్తేనే సంతకమని పట్టుబట్టింది. ఆ రెండు తప్పులలో ఒకటి ఈ వాక్యంలోనే ఉండేది. దానిని సరిచేసింది. వాక్యం చిన్నది, ఇలాంటి కాగితాలన్నిటిలోనూ ఉండేదే, దీనితో ఏమవుతుందిలే అని వదిలేసింది.

అయితే నేను ఈ పని చేయనంది. మేనేజరు కోపగించుకోలేదు. అతడు మంచివాడే.

"మీ ఇష్టమమ్మా. మీరు రాయకపోతే ఇంకొకరు రాస్తారు. ఇప్పుడు ఆ గొంతుకి ఎవరి మాటలైనా ఒకటే."

ఆ మాట ఆమెను కుర్చీకి కట్టేసింది. తాను లేచి వెళ్ళిపోతే అక్క గొంతు ఆగదు, పైగా ఎవరో రాసిన పొల్లు మాటలు పలుకుతూ ఊరూరా తిరుగుతుంది. తాను ఉంటే కనీసం మాటలైనా అక్క స్థాయికి తగ్గవు. ఇది న్యాయమైన కారణమో, చేతకానితనానికి వేసుకున్న ముసుగో ఆమె చాలాసార్లు బేరీజు వేసుకుంది, తేల్చుకోలేకపోయింది. ఆ పనిలోనే ఉండిపోయింది.

అక్కకు చెప్పలేదు. దానికీ కారణం ఉంది. డాక్టరు చెప్పిన ఏడాదిలో ఇంకా అయిదు నెలలు మిగిలాయి. అక్క నోరు తెరుస్తున్నది ఈ సినిమా కోసమే. సినిమాకు ఆమె నోటితో పని లేదని తెలిస్తే ఆ నోరు మూతబడుతుంది. కనుక తెలియకూడదు. ప్రతి వారమూ అక్క కళ్ళతో అడిగేది. ఇంకా మొదలుకాలేదే, అక్కడ కటింగు ఆలస్యమవుతోందట అని చెల్లెలు చెప్పేది. రోజంతా అక్క గొంతుకు మాటలు రాసి, సాయంత్రం ఇంటికి వచ్చి అక్క చేత ఆ, ఊ అనిపించేది.

రెండో భాగంలో కథ ఇలా నడుస్తుంది. బదనిక రెమ్మ తగిలి వెలుగు దేవుడు చనిపోతాడు. లోకంలోని ప్రతి ప్రాణీ, ప్రతి వస్తువూ వాడికోసం ఏడిస్తే తిరిగి ఇస్తానని పాతాళం మాట ఇస్తుంది. సుత్తి దేవుడు దిక్కులన్నీ తిరుగుతాడు, తల్లి గుమ్మం గుమ్మం తిరుగుతుంది. మనుషులు ఏడుస్తారు, పశువులు ఏడుస్తాయి, మంచులోనుంచి ఎండలోకి వచ్చిన ఇనుములా రాళ్ళు కూడా చెమర్చుతాయి. చివరికి ఒక గుహలో ముసలమ్మ మిగులుతుంది. ఆమె ఏడవదు. అంతటితో ఆ కొడుకు తిరిగిరాడు.

ఆ ముసలమ్మ ముఖం మీద ముసుగు ఉంది. పెదవులు కనబడవు. మూలభాషలో ఆమె పెద్ద వాక్యమే చెబుతుంది. చెల్లెలు ఆ బొమ్మను పదిసార్లు వెనక్కి తిప్పి చూసింది. పదకొండోసారి చూసి, ఆ వాక్యం కొట్టేసి, ఊఁహూఁ అని రాసింది.

రాసిన కాగితం తీసుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఈ ముసలమ్మను మా అక్క చేత చెప్పించండి అని అడిగింది. ముప్పై నాలుగేళ్ళలో ఆమె అడిగిన మొదటి సాయం అది. ఊఁహూఁయే కదా, దానికేముంది అన్నాడతడు. వాక్యం చిన్నదైనందుకు డబ్బింగు దర్శకుడికి కూడా నచ్చిందట.

అక్కకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు చెల్లెలి ముఖంలోకి చూసింది. తల్లి కాదా అని ఆ చూపుకు అర్థం. "తల్లి మాటలు చివర్లో పెట్టుకున్నారే. నీకు ఇంకా సాధన కావాలిగా. ముందు ఇది చెయ్యి" అంది చెల్లెలు. ఆ మాట కూడా సరిగ్గా కొలిచి, ఎక్కడా నిజం తగలకుండా రాసుకున్నదే.

ఇక అక్క స్టూడియోకు వస్తుంది గనుక, అక్కడ ఎవరూ నోరు జారకూడదు. చెల్లెలు ఒక్కొక్కరినీ అడిగింది. మేనేజరును అడిగింది, ఇంజినీరును అడిగింది. సుత్తి దేవుడికి గొంతు ఇచ్చే అతడు వాగుడుకాయ గనుక అతడిని ఆ రోజు రావద్దంది. గేటు దగ్గర అక్కకు ఎప్పుడూ సలాము కొట్టే కాపలాదారును పక్కకు పిలిచి, సినిమా ఊసెత్తవద్దని మాట తీసుకుంది. క్యాంటీనులో కాఫీ ఇచ్చే ఆవిడ, తల్లి గొంతు విని ఏడ్చానని అందరితో చెబుతోందని తెలిసి, ఆమె చేతులు పట్టుకుని బతిమాలింది. నడవాలో ఉన్న పోస్టరు తీయించింది. తల్లి మాటలున్న భాగాలేవీ ఆ రోజు తెరమీదికి రాకూడదని ఇంజినీరుకు కాగితంమీద రాసి ఇచ్చింది. గుహ బొమ్మ ఒక్కటే, ముసలమ్మ మాట ఒక్కటే. అతడు ఆ కాగితాన్ని తన బల్లకు అంటించుకున్నాడు కూడా.

ఒక్కదానిని అడగలేదు. అది మనిషి కాదు గనుక ఆమెకు తట్టలేదు. గొంతు ఇచ్చేవాళ్ళు మాటను సరైన క్షణంలో అందుకోవడానికి, ఆ మాటకు ముందున్న మూడు సెకన్ల బొమ్మా శబ్దమూ నడుస్తాయి. దానిని లీడు అంటారు. ఎవరూ నొక్కనక్కరలేదు. మాటను ఎంచుకుంటే చాలు, యంత్రం తనంతట తానే మూడు సెకన్లు వెనక్కి వెళ్ళి అక్కడినుంచి మొదలవుతుంది. రోజుకు రెండువందలసార్లు వినే ఆ మూడు సెకన్లు చెల్లెలికీ, ఇంజినీరుకూ చాలా ఏళ్ళుగా వినబడడం మానేశాయి. గదిలో ఫ్యాను చప్పుడు వినబడుతుందా మరి?

ఆ రోజు అక్క బూడిదరంగు చీర ఇస్త్రీ చేయించుకుని కట్టుకుంది. కాపలాదారు సలాము కొట్టి, మాట తప్పకుండా, వాతావరణం గురించి మాట్లాడాడు. కాఫీ ఆవిడ చక్కెర ఎక్కువ వేసి తెచ్చింది. అక్కను మైకు ముందు కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చెల్లెలు అద్దానికి ఇవతల ఇంజినీరు పక్కన నిలబడింది. మేనేజరు గోడకు ఆనుకున్నాడు. అందరూ చిరునవ్వుతో ఉన్నారు. ఇంజినీరు ముసలమ్మ మాటను ఎంచుకున్నాడు.

తెరమీద గుహ కనబడింది. అక్క చెవులలో అక్క గొంతు పలికింది.

"అందరూ ఏడ్చారు. నువ్వొక్కదానివే మిగిలావు. ఒక్క చుక్క, తల్లీ."

ఆ మాటలు చెల్లెలు రాసినవాటిలోకెల్లా మంచివి. ఏ అక్షరం ఎక్కడ పడాలో అక్కడ పడింది. ఆమె చేయి మీటల వైపు వెళ్ళింది. ఏ మీట నొక్కాలో తెలియలేదు. అప్పటికే మూడు సెకన్లలో రెండు అయిపోయాయి.

అద్దం అవతల అక్క మొదట తల కాస్త పక్కకు వంచింది. తోటి కళాకారులు చెబుతున్నప్పుడు ఆమె ఎప్పుడూ అలాగే వింటుంది. తరువాత ఎడమచేయి లేచి గొంతు మీదికి వెళ్ళింది. రెండు వేళ్ళతో గొంతు తడిమి చూసుకుంది. పలుకుతున్నది తానేనా, అది కదులుతోందా అని చూసుకుంది. కదలడం లేదు. వేళ్ళు అక్కడే ఉండిపోయాయి.

ఎర్రదీపం వెలిగింది. ముసుగులో ముసలమ్మ తల ఎత్తింది. అక్క సరిగ్గా ఆ క్షణానికి అందుకుంది.

"ఊఁహూఁ."

అందులో కోపం లేదు, జాలి లేదు. లోకంలోని రాళ్ళన్నీ చెమర్చినా నేను చెమర్చను, కారణం అడగవద్దు అన్నట్టుగా ఉంది. ఇంజినీరు చేయి అలవాటుగా పైకి లేచింది, నోరు అలవాటుగా ఓకే అంది. ఆ తరువాతే అతడికి ఏం జరిగిందో తెలిసింది. బల్లకు అంటించిన కాగితం వైపు చూశాడు. మేనేజరుకు అప్పటికీ తెలియలేదు. ఒక్క టేకులో అయిపోయిందని, పెద్దావిడ పెద్దావిడేనని అన్నాడు. అతడు అన్నది నిజమే. ఆ సినిమాలో అంత బాగా పలికిన మాట మరొకటి లేదు.

ఇంటికి వచ్చే దారిలో, కారులో, చెల్లెలు అంతా చెప్పింది. గుణింతం దగ్గరినుంచి మొదలుపెట్టి, కత్తిరించిన ఊపిరి, కాగితంలోని వాక్యం, అచ్చుతప్పు, మేనేజరు అన్న మాట, తాను ఆడిన అబద్ధాలు, ఏది ముందో ఏది వెనకో తప్పకుండా, దేనివల్ల ఏది జరిగిందో దాటవేయకుండా చెప్పింది. క్షమించమని అడగడానికి ఆమెకు అంతకన్నా వేరే పద్ధతి తెలియదు. అక్క రోడ్డు వైపు చూస్తూ విన్నది. ఒక సిగ్నలు దగ్గర కారు ఆగినప్పుడు, గ్లాసు పగలగొట్టిన పిల్లను ఊరుకోబెట్టినట్టు, చెల్లెలి చేతిమీద ఎడమచేత్తో రెండుసార్లు తట్టింది. కోపగించుకుని ఉంటే బాగుండేది. కోపానికి గొంతు కావాలి.

మర్నాడు పది గంటలకు టీచరమ్మ వచ్చింది. అక్క తల దువ్వుకుని, కుర్చీలో నిటారుగా, ఎప్పటిలాగే కూర్చుంది. అద్దం పెట్టినా, కొవ్వొత్తి వెలిగించినా మూసిన పెదవులు తెరవలేదు. మొండితనం కాదు అది. పని ముగించుకుని షట్టరు దించేసిన దుకాణంలా ఉంది. ఆ వారమంతా అంతే. తరువాతి వారమూ అంతే. ఊఁహూఁ కూడా లేదు. చెల్లెలు పరీక్షించదలచి ఒకరోజు కాఫీలో చక్కెర వేయలేదు. అక్క తాగేసింది. అయిదు రోజులు వరసగా వేయలేదు. అయిదు రోజులూ తాగేసి గ్లాసు కింద పెట్టింది. ఆరో రోజున చెల్లెలు వంటింట్లో నిలబడి, ఈసారి చక్కెర వేయాలో వద్దో తెలియక చాలాసేపు చెంచా పట్టుకుని ఉండిపోయింది.

కింది ఇంటావిడ మళ్ళీ వచ్చి తన బంధువు కథ పూర్తిగా చెప్పి వెళ్ళింది. ఆమెను ఆపేవాళ్ళు లేరు.

గొంతులో లోపం ఏమీ పెరగలేదని, ఆవిడే తెరవడం లేదని టీచరమ్మ చెప్పింది. కొందరికి తమ పాత గొంతు వినిపిస్తే దాని వెంట పలకాలనిపిస్తుందట. అలాంటిదేమైనా ఉందా మేడం అని అడిగింది. ఉందని చెల్లెలు చెప్పింది.

ఆనాటి గుణింతం రికార్డును ఇంజినీరు తనే ఇంటికి తెచ్చి ఇచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. యంత్రానికి ఇచ్చినది కాదు చిన్నక్కా, కత్తిరించకముందుది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెద్దక్కకు తెలుస్తుందని అన్నాడు. వరసకూ వరసకూ మధ్య అక్క పలకడానికి కాస్త ఖాళీ కూడా వదిలి పెట్టాడు. చేయగలిగింది ఇంతే అన్నాడు. చేయగలిగింది ఎవరికైనా ఇంతే అని ఆమె అతడి భుజం తట్టింది.

డాక్టరు చెప్పిన ఏడాదికి అప్పటికి ముప్పై ఆరు రోజులు మిగిలాయి. టీచరమ్మ పది గంటలకు దానిని బల్లమీద పెట్టి నడిపింది.

క, కా, కి, కీ. అక్క గొంతు, దేవతల తల్లి గొంతు, శాంతంగా వరస పూర్తి చేసింది. ఖాళీ వచ్చింది. ఖాళీ గడిచింది. తరువాతి వరసకు ముందు ఆ గొంతు ఊపిరి తీసుకుంది. అప్పుడు చెల్లెలు చూసింది. కుర్చీలోని అక్క కూడా తీసుకుంది. భుజాలు లేచాయి, ఛాతీ నిండింది, నలభై ఏళ్ళ అలవాటు ప్రకారం మాటకు కావలసినంత గాలి లోపల సిద్ధమైంది. చెల్లెలు బల్ల అంచు పట్టుకుంది. ఖాళీ వచ్చినప్పుడు ఆ గాలి ముక్కులోనుంచి నెమ్మదిగా, శబ్దం లేకుండా వెళ్ళిపోయింది. ప్రతి వరసకూ అలాగే జరిగింది. గ వరస, చ వరస, త వరస. రికార్డులో ఊపిరి తీసుకున్న ప్రతిచోటా అక్క తీసుకుంది. పలకవలసిన ప్రతిచోటా విడిచిపెట్టింది. కోపం గడిచింది, దుఃఖం గడిచింది. ముప్పావు గంట పట్టింది.

చివరి అక్షరం తరువాత ఆగిపోతుందని చెల్లెలు అనుకుంది. ఆగలేదు. కత్తిరించనిది గనుక, ఆనాడు మైకు కట్టేయకముందు గదిలో మాట్లాడుకున్నవి కూడా అందులో ఉన్నాయి.

అయిపోయింది పెద్దక్కా అని ఇంజినీరు గొంతు దూరంనుంచి వినబడింది. కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తరువాత అక్క నవ్వు, తల్లి గొంతు కాదు, ఇంట్లో గొంతు.

"అన్నీ తీసుకున్నారా? ఇంక నాతో పని లేదుగా మీకు?"

వెంటనే ఇంకొక గొంతు, పొడిగా, ఖచ్చితంగా. అది తనదేనని పోల్చుకోవడానికి చెల్లెలికి ఒక క్షణం పట్టింది.

"లేదే. ఒక్క అక్షరం కూడా మిగల్లేదు."

రికార్డు అక్కడ ఆగింది. అక్క బల్లమీదున్న గ్లాసు వైపు చూస్తోంది. ముఖంలో ఏమీ లేదు. టీచరమ్మ ఒకరి తరువాత ఒకరిని చూసి, గడియారం చూసి, ఇంకా పది నిమిషాలున్నాయి, మళ్ళీ మొదటినుంచి పెట్టనా మేడం అని మెల్లగా అడిగింది.

చెల్లెలు అక్కను చూసింది. కాదు అనడానికి ఎన్ని రకాలున్నాయో ఈ గదిలోనే నేర్చుకున్న మనిషి, వాటిలో ఒక్కటైనా వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు.

"పెట్టండి" అంది.